అవ్వ అందుకున్న పాట

చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉంటే చాలు, ఎమ్మిగనూరులో నాకన్నా తెలిసినవాళ్ళు లేరని గట్టిగా నమ్మిన రోజులవి. మగ్గం ఇంట్లో నూలు కండెలు చుట్టే పని నాది. రాట్నం తిప్పుతూ ఆదోని చర్చి పిల్లల రాక్ బ్యాండు పాటలు వినేదాన్ని. మగపిల్లలు వెనక వాయిస్తుంటే ఒక్క అమ్మాయి ముందు నిలబడి దేవుణ్ణి నిలదీసినట్టు పాడేది. చర్చి గడప ఎన్నడూ తొక్కకపోయినా ఆ గొంతంటే నాకు ప్రాణం. అందులోనూ ‘తలుపు తియ్యవా తండ్రీ’ అనే పాట. దాని చివర్లో డ్రమ్ములు, గిటార్లు అన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. కాసేపు చప్పుడే ఉండదు. తర్వాత ఆమె గొంతొక్కటే లేస్తుంది. ఆ నిశ్శబ్దాన్ని ఎదురుగా కూర్చుని వినాలని నా కోరిక.

ఆదోనిలో వాళ్ళ కచేరీ అనగానే నాన్న షరతు పెట్టాడు. "అవ్వను తోడు పిల్చుకపో. ఆయమ్మ బాగుందంటేనే ఇంగోసారి పంపేది."

అవ్వ మా వీధి భజనలో పెద్ద గొంతు. చెవుల్లో దూది కుక్కుకుని మరీ బస్సెక్కింది (పత్తికి పేరుబడ్డ ఆదోనికి ఇంట్లోంచి దూది మోసుకెళ్ళింది మా అవ్వ ఒక్కతే అయ్యుంటుంది). రెండో పాటకే దాన్ని తీసేసి, "ఆ పాప అంతగా పిలుస్తాంటే పలకడే, దేవునికి చెవుడా ఏమే?" అంది. ఇంతలో నా పాట వచ్చింది. డ్రమ్ములు ఆగాయి. ఊపిరి బిగబట్టాను. సరిగ్గా అప్పుడే నా పక్కనుంచి "తలుపు తియ్యవా తండ్రీ..." అని అవ్వ గొంతు లేచింది. భజనలో పాడేవాళ్ళు ఆగితే వినేవాళ్ళు అందుకోవాలి, ఆమె ఎరిగిన మర్యాద అది. మైదానమంతా మా వైపు తిరిగింది. నేను చున్నీలో తల దాచుకుని "అవ్వా, ఊరుకో!" అన్నాను.

"ఎట్ల ఊరుకునేది? పాపం, ఆ పాప మర్సిపోయినట్టుంది. అందుకోకుంటే ఎట్ల?"

స్టేజీ మీది అమ్మాయి పకపకా నవ్వి మైకు మా వైపు చాచింది. అవ్వ మళ్ళీ అందుకుంది, ఈసారి తాళం వేస్తూ. ఆమె వెనకే మైదానమంతా అందుకుంది. నా నిశ్శబ్దం మాత్రం గంగలో కలిసింది.

ఇంటికొచ్చాక నాన్న ఎట్లుందని అడిగాడు. అవ్వ ఏమంటుందోనని ఆమె వైపే చూశాను. "బాగుండాది లేరా. మన భజనే. రవంత కోపంగా చేస్తారు, అంతే" అంది.

అవ్వ ఇప్పుడు లేదు. మొన్న ఆ బ్యాండు మళ్ళీ ఆదోనిలో పాడితే ఒక్కదాన్నే వెళ్ళాను. పాట చివర డ్రమ్ములు ఆగాయి. కోరుకున్న నిశ్శబ్దం దొరికింది, కానీ భరించలేకపోయాను. నాకు తెలియకుండానే గొంతెత్తి అందుకున్నాను. పక్కనున్న కాలేజీ పిల్ల సిగ్గుతో అవతలికి జరిగింది. జరగనీ. పాపం, ఆ పాప మర్సిపోయినట్టుంది, అందుకోకుంటే ఎట్ల?