వార్తలత్త కలిపిన మాట

మా గొడుగుల షెడ్డులో రెండు బల్లలు ఉండేవి. కిటికీ వైపు బల్ల గద్దె మీద ఉన్న పార్టీది, తలుపు వైపు బల్ల గద్దె దిగిన పార్టీది. ఎవరూ కూర్చుని అలా పంచలేదు. పనిలో కొత్తగా చేరిన మనిషి ఖాళీ ఎక్కడుంటే అక్కడ కూర్చునేది, ఆరు నెలలు తిరక్కుండా ఆ బల్ల పార్టీ అయిపోయేది. నేనూ అంతే. కిటికీ దగ్గర చోటు దొరికింది కాబట్టి గద్దె మీద ఉన్నవాళ్లంటే నాకు ప్రాణం. తలుపు దగ్గర దొరికి ఉంటే వాళ్ల మీదే దుమ్మెత్తి పోసేదాన్ని, అందులో అనుమానం లేదు.

గొడుగు పనిలో చేతులకే గాని చెవులకు పని లేదు. ఊచలు సరిచేయడం, గుడ్డ ముక్కలు కలిపి కుట్టడం, ఆ గుడ్డను ఊచల చివర్లకు లాగి ముడి వేయడం, పిడి తొడగడం, అన్నీ చేత్తోనే. అందుకని మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక గంట ఒకరు పేపరు చదివితే మిగతావాళ్లం వింటూ పని చేసుకునేవాళ్లం. కూలి గొడుగుల లెక్కన కాబట్టి చదివే మనిషికి ఆ గంట కూలి పోతుంది కదా, ఆ లోటు తీరడానికి వారానికి తలా ఒక గొడుగు ఆమె లెక్కలో వేసేవాళ్లం. ఇది యజమాని పెట్టిన రూలు కాదు, మా అంతట మేం పెట్టుకున్నది.

చదివేది వార్తలత్త. అసలు పేరు ఏదో ఉండే ఉంటుంది, మాకెవరికీ దాంతో అవసరం పడలేదు. యాభై దాటిన మనిషి, సన్నగా ఉండేది, కళ్లజోడు ఎప్పుడూ ముక్కు చివరే. బడి చదువు ఐదో తరగతితో ఆగినా పేపరు చదవడం మాత్రం అత్తారింట్లో వంటబట్టింది. మామగారిది ఒక పార్టీ, అత్తగారిది ఇంకో పార్టీ. ఇద్దరికీ చూపు ఆనేది కాదు. ఆ ఇంటికి రెండు పేపర్లు వచ్చేవి. కొత్తకోడలు పొద్దున్నే ఇద్దరినీ కూర్చోబెట్టి రెండూ చదవాలి. ఎక్కడైనా గొంతు తగ్గిస్తే "మింగకు" అని అత్తగారు కసిరేది. ఎక్కడైనా గొంతు పెంచితే "ఉప్పూ కారం వేయకు" అని మామగారు కసిరేవాడు. ఆ ఇద్దరి మధ్య నలిగి నలిగి ఆమె గొంతు కుళాయి నీళ్లలా తయారైంది, రంగూ రుచీ లేకుండా. "ఒక్క ముక్క కలపను, ఒక్క ముక్క మింగను" అనేది. ఓటు ఎవరికి వేస్తుందో కట్టుకున్న మొగుడికే తెలియదు. రెండు బల్లలూ ఆమెను నమ్మింది అందుకే.

శనివారం వచ్చిందంటే పెద్ద పంచాయితీ. ఆ వారం పెద్ద వార్తల్ని రెండు పేపర్లలోంచీ అత్త మళ్లీ చదివేది. ఒకే వంతెన గురించి ఒక పేపరు ప్రారంభోత్సవం అని రాస్తే రెండో పేపరు పగుళ్లు అని రాసేది. చదవడం అవగానే మొదలు. "మీవాళ్లు తిన్నారు." "మీవాళ్లు తినలేదా?" "మావాళ్లు తిన్నారు, మీవాళ్లు తిని అరిగించుకున్నారు కూడా." పాటగాడెవరో బిరుదు తిరిగిచ్చేస్తే ఒక వారం, బడి పుస్తకంలో పాఠం ఒకటి తీసేస్తే ఇంకో వారం. గొంతులు పోయేదాకా అరుచుకుని, గంట కొట్టగానే ఒకే కుండ దగ్గర నీళ్లు తాగేవాళ్లం.

అంతలో ఫోను వచ్చి పడింది. మా బల్ల చివర గొడుగు పట్టీలకు బొత్తాలు కుట్టే అమ్మాయి కొనుక్కుంది. దాన్ని మేం బొత్తాల పిల్ల అనేవాళ్లం. ఆ ఫోనులో రోజూ చర్చలు. కోటు వేసుకున్న ఒకాయన అడిగేది ఒకటి, చుట్టూ కూర్చున్న నలుగురు అరిచేది నలభై. ఆ రుచి మరిగాక మాకు అత్త చదువు చప్పగా అనిపించసాగింది. "నువ్వు చదువుతుంటే జోల పాడినట్టు ఉందత్తా" అని బొత్తాల పిల్ల మొహం మీదే అనేసింది. అందరం నవ్వాం. ఆ వారం కొందరు అత్త లెక్కలో గొడుగు వేయడం ఎగ్గొట్టారు. మా ఇల్లూ అత్త ఇల్లూ ఒకే సందులో. ఇంటికి నడుస్తూ అత్త "అత్తగారి దగ్గర నెగ్గాను, మామగారి దగ్గర నెగ్గాను, ముష్టి ఫోను దగ్గర ఓడిపోయానే" అంది. నవ్వుతూనే అంది గాని ఆ నవ్వు ఆమె మొహానికి అతకలేదు.

ఆ తరువాతి శనివారం పెద్ద వార్త ఒక నాటకం గురించి. పట్నంలో ఎవరో గద్దె దిగిన పార్టీ పెద్దాయన్ని వెక్కిరిస్తూ నాటకం ఆడారు. ఆ పార్టీ కుర్రాళ్లు హాల్లోకి చొరబడి కుర్చీలు విరగ్గొట్టారు. పోలీసులు పట్టుకుపోయారు. ఒక పేపరు వాళ్లను రౌడీమూక అంది, రెండో పేపరు మనసు నొచ్చుకున్న యువకులు అంది. పేర్లు ఎవరూ వేయలేదు. అత్త రెండూ చదివింది. ఒక్కరూ తల ఎత్తలేదు. బొత్తాల పిల్ల నోరంతా తెరిచి ఆవులించింది.

అత్త కళ్లజోడు పైకి తోసుకుని, పేపరు మీంచి చూపు తీయకుండా ఇంకో వాక్యం చదివింది. "స్టేషన్లో మిగతావాళ్లంతా నిబ్బరంగానే కూర్చోగా, ఒక కుర్రాడు మాత్రం 'మా అమ్మకు చెప్పొద్దు సార్' అంటూ వెక్కి వెక్కి ఏడ్చినట్లు సమాచారం."

షెడ్డు పగలబడి నవ్వింది. రెండు బల్లలూ కలిసి నవ్వడం ఎన్నాళ్లకో. తలుపు బల్ల మొదట్లో కూర్చుని ఊచలు సరిచేసే ఊచలక్క అయితే "ఎవరు కన్న బిడ్డో పాపం" అంటూనే నవ్వి, చేతిలోని గొడుగు గుడ్డతో కళ్లు తుడుచుకుంది. ఆ సాయంత్రం అత్త లెక్కలో అందరి గొడుగులూ పడ్డాయి, బొత్తాల పిల్లది కూడా.

ఊచలక్కకు ఒక్కడే కొడుకు. మా గొడుగుల్ని దుకాణాలకు వేసే వ్యాను నడిపేవాడు. ఆ వారం పట్నానికి సరుకు వేయడానికి వెళ్లి, బండి పాడైంది, రెండు రోజులు ఆగాలి అని కబురు పెట్టాడు. ఆదివారం నుదుటికి కట్టుతో ఇంటికి వచ్చాడు. పట్టుబడ్డవాళ్లలో వాడూ ఉన్నాడు.

సోమవారానికి షెడ్డంతా తెలిసిపోయింది. మా ఊరి నుంచి వెళ్లింది వాడొక్కడే కాబట్టి, ఏడ్చింది వాడేనని మేమే తేల్చేశాం. వాడు సరుకు ఎక్కించుకోవడానికి వస్తే మా బల్ల నుంచి ఎవరో "చెప్పొద్దు సార్ వచ్చాడు" అన్నారు. అంతే, అది పేరైపోయింది. దుకాణాల వాళ్లదీ అదే పిలుపు. పక్కన కూర్చుని టీ తాగే వాడి పార్టీ కుర్రాళ్లదీ అదే పిలుపు, పైగా వాళ్లు పిరికిపంద అని కూడా చేర్చారు. "తల్లికి ఇక్కడ ఊచలు, కొడుక్కి అక్కడ ఊచలు" అని మా బల్ల మీద ఒకావిడ అంటే నేనూ నవ్వాను.

ఊచలక్క మాత్రం నొచ్చుకోలేదు. అదే వింత. సోమవారం భోజనాల దగ్గర తనే వచ్చి వార్తలత్త పక్కన కూర్చుంది. "వదినా, ఇన్నాళ్లూ వాడు నన్ను గడ్డిపోచ కింద చూస్తున్నాడని కుమిలిపోయేదాన్ని. వాళ్ల నాన్న పోయాక నాతో పట్టుమని పది మాటలు మాట్లాడింది లేదు. అలాంటివాడికి పోలీసుల మధ్య నేను గుర్తొచ్చాను చూడు. నువ్వు చదవబట్టి తెలిసింది. వాడు చస్తే చెప్పేవాడా?" అంది. ఆ రోజు నుంచీ, వారానికి ఒక గొడుగు వేయాల్సిన మనిషి రోజుకొకటి అత్త లెక్కలో వేయడం మొదలుపెట్టింది. కుట్టు చూస్తే తెలిసేది, తన లెక్కలోవాటి కంటే శ్రద్ధగా కుట్టినవి.

బుధవారం సందులో నడుస్తూ అత్త ఉన్నట్టుండి ఆగిపోయింది. "ఆ ఏడుపు పేపర్లో లేదే. నేనే కలిపాను" అంది.

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నేనూ ఆగిపోయాను. "ఎందుకు కలిపావత్తా?"

"బొత్తాల పిల్ల ఆవులించింది చూడు. అంతకంటే ఏం లేదు. ఆవులింత చూసి భయపడ్డాను." మళ్లీ నడుస్తూ, "ఊచలక్క గొడుగు ముట్టుకుంటే చెయ్యి కాలుతోంది" అంది.

"గప్‌చుప్‌గా ఉండు" అన్నాను. "ఇప్పుడు చెప్తే రెండు బల్లలూ కలిసి నిన్ను ఉతికి ఆరేస్తాయి. ఆమె ఎలాగూ సంతోషంగా ఉంది." ఆ సలహా ఇచ్చినందుకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. సగం అత్త మీద ప్రేమతో ఇచ్చాను, సగం ఆ పేరు పెట్టి పిలవడంలో మా బల్లకున్న సరదా పోతుందని ఇచ్చాను.

కానీ కథ అక్కడ ఆగలేదు. ఊచలక్క ఇంట్లో రోజూ యుద్ధం. "నేను ఏడవలేదు, ఆ మాట అనలేదు" అని కొడుకు. "ఏడిస్తే తప్పేముందిరా, పేపర్లో వచ్చింది, మా వదిన చదివింది, ఆమె ముక్క కలపదు" అని తల్లి. తల్లే నమ్మకపోతే ఇంకెవరు నమ్ముతారని వాడు తిండి మానేశాడు. శనివారం సాయంత్రం అదే నాటకం మళ్లీ ఆడుతున్నారు. ఈసారి హాలు చుట్టూ తుపాకుల పోలీసులుంటారని రెండు పేపర్లూ రాశాయి. వాడు కుర్రాళ్లతో పందెం కట్టాడు, అందరికంటే ముందు తానే గేటు ఎక్కుతానని. పిరికిపంద ఎవరో అప్పుడు చూడమన్నాడు. ఈ సంగతి శుక్రవారం ఊచలక్కే చెప్పింది. చెప్తూ వార్తలత్త చెయ్యి పట్టుకుంది. "నువ్వు పెద్దదానివి వదినా, ఒక్కసారి వచ్చి వాడికి బుద్ధి చెప్పవా?" అని ఏడ్చింది. అత్త చెయ్యి వెనక్కి లాక్కోలేదు, పట్టుకోనూ లేదు. నేను తల వంచుకుని లేని ముడి విప్పుతూ కూర్చున్నాను.

శనివారం అత్త కొత్త పేపర్లు పక్కన పెట్టి పోయిన వారం పేపరు తీసింది. నాటకం వార్త మొదటి నుంచి చదివింది, అదే కుళాయి నీళ్ల గొంతుతో. "నిందితులను స్టేషన్‌కు తరలించారు" దగ్గర ఆగింది.

"వార్త ఇంతే. ఎవరో ఏడ్చినట్టు పేపర్లో లేదు. అది నేను కలిపింది. మీరు నవ్వుతారని కలిపాను" అంది.

 పంచాయితీ లేచింది, అదీ బల్లల ప్రకారమే. "చూశారా, వాళ్ల కుర్రాడి పరువు కోసం ఇప్పుడు అబద్ధం ఆడుతోంది. మొదట చదివిందే నిజం" అని మా బల్ల. "ముందే అమ్ముడుపోయింది, మనల్ని అల్లరి పెట్టడానికే కలిపింది" అని తలుపు బల్ల. అత్త మధ్యలో నిలబడి పేపరు చాపి "చూసుకోండి, చూసుకోండమ్మా" అంటూనే ఉంది. చూడటానికి ఒక్కరూ లేవలేదు. నేను లేవలేదు. ఇక ఈమె చదవక్కర్లేదన్న ఒక్క మాట మీద మాత్రం రెండు బల్లలూ ఏకమయ్యాయి.

ఊచలక్క ఈ గొడవలో లేదు. సగం కుట్టిన గొడుగు బల్ల మీదే వదిలేసి, చెప్పులు కూడా వేసుకోకుండా ఇంటికి పరుగెత్తింది.

ఇంటిగంట కొట్టే వేళకు తిరిగి వచ్చింది. అందరూ సంచులు సర్దుకుని వెళ్లిపోతున్నారు. అత్త తన చోట్లోనే ఉంది. ఆమెను వదిలి వెళ్లలేక నేనూ ఉన్నాను.

"ఉన్నాడా?" అని అత్త లేచి నిలబడింది.

"ఉన్నాడు. నేను వెళ్లేసరికి చొక్కా తొడుక్కుంటున్నాడు. చెప్పాను. 'ఇప్పటికైనా నమ్మావా' అన్నాడు. చొక్కా విప్పేసి అన్నం పెట్టమన్నాడు. తిని పడుకున్నాడు." ఊచలక్క తన చోట్లో కూర్చుని సగం గొడుగు ఒళ్లోకి తీసుకుంది. "వెళ్లడు ఇంక."

నాకు ప్రాణం లేచొచ్చింది. అత్త కూలబడింది. "నన్ను క్షమించు" అనబోయి సగంలో మింగేసింది, ఆమె మింగగా నేను విన్న మాట అదొక్కటే.

ఊచలక్క ముడులన్నీ వేసింది. గొడుగు ఒకసారి తెరిచి, మూసి, పట్టీ చుట్టి బొత్తం పెట్టింది. ఎప్పటిలాగే తీసుకెళ్లి అత్త లెక్కలో పెట్టింది. పెట్టి, అక్కడే నిలబడిపోయింది.

"అయితే వదినా" అంది, "వాడు నన్ను తలుచుకోలేదన్నమాట."

 అత్త లేచి, ఆ వారమంతా తన లెక్కలో పడిన ఊచలక్క గొడుగులన్నీ ఏరి, రెండు చేతులా ఎత్తుకుని, తలుపు బల్ల మొదట్లో ఆమె చోటు దగ్గర పెట్టింది. ఊచలక్క వాటి వంక చూడలేదు. చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది.