ఎడారికి గొంగడి

నిన్న పరీక్ష పేపర్లు దిద్దుతుంటే ఒక అమ్మాయి జవాబు దగ్గర నా ఎర్ర పెన్ను ఆగిపోయింది. "ఎడారిలో ఎప్పుడూ ఎండే, చలి ఉండదు" అని రాసింది. తప్పని కొట్టేయబోయి నవ్వుకున్నాను. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో ఇదే జవాబు నేను మా చిన్నమ్మకు చెప్పాను. అదీ భూగోళం మాస్టరుగా, చేత బెత్తం పట్టుకుని!

అప్పుడే నాకు తిమ్మాజిపేట బడిలో ఉద్యోగం వచ్చింది. గోడకు నిలువెత్తు భారతదేశ పటం, నోటి నిండా రుతుపవనాలు. నన్ను పట్టడం ఎవరి తరమూ కాదు. బల్మూరులో ఉండే చిన్నమ్మకు అక్షరం రాదు గానీ, మేస్త్రి వెంట మట్టిపనికి పోయి పోయి, నేను పటంలో చూసిన దేశాన్ని ఆమె తట్టలో మోసింది. నర్మద దగ్గర నల్లమట్టి పారను వదలదనీ, కొంకణంలో ముసురు పడితే పది రోజులు పొయ్యి రాజుకోదనీ ఆమె చెబితే, అవే పిల్లలకు నా సొంత పాఠంలా చెప్పి మెప్పు కొట్టేసేవాణ్ణి.

ఆ యేడు దీపావళి తర్వాత మేస్త్రి రాజస్థాన్‌లో కాలువ పని ఉందన్నాడు. ఆమె ఎరగని చోటు అది. బాబాయికేమో చల్లగాలి తగిలితే ఆయాసం. అందుకని పనిగట్టుకుని బడికే వచ్చి పటం ముందు నిలబడింది.

"జర చూసి చెప్పు కొడుకా, ఆడ చలి ఉంటదా? మీ బాబాయిని తోల్కపోతున్న."

"ఎడారి చిన్నమ్మా! ఉడికిపోతరు. గొంగడి గింగడి ఎందుకు?" అన్నాను, బెత్తంతో పటాన్ని కొడుతూ.

మట్టిపనికి పోయేవాళ్లు గొంగడి లేకుండా గడప దాటరు. ఎండకు నీడ, వానకు గొడుగు, నేలకు పరుపు అదే. నా మాట నమ్మి చిన్నమ్మ మొదటిసారి రెండు గొంగళ్లూ నా దగ్గర పెట్టి పోయింది.

ఉగాదికి ముందు వాటి కోసం మళ్లీ బడికే వచ్చింది. అక్కడ పగలు మంటెత్తినా, పొద్దు గుంకగానే ఇసుక ఐసుగడ్డయ్యేదట. సిమెంటు సంచులు కప్పుకుని, తవ్విన కాలువలోనే ఒకరికొకరు ఆనుకుని పడుకున్నారట. ఆయాసం ముదిరి బాబాయి పది రోజులు దవాఖానలో ఉన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను. తప్పయిందన్నాను. తిట్టినా బాగుండేది.

"నీ పటంల పగలే ఉంది కొడుకా, రాత్రి గీయలే" అంది. తర్వాత పిల్లల వైపు తిరిగి, "మీ సార్‌కు తెల్వదు. నేను చెప్త, ఇనుండ్రి" అని ఆ పీరియడంతా ఎడారి పాఠం ఆమే చెప్పింది. నేను వెనక బెంచీలో కూర్చుని విన్నాను. పోతూ పోతూ ఒక గొంగడి నా బల్ల మీదే వదిలింది. "ఇది నీకే ఉండనీ, పాఠం చెప్పేటప్పుడు పనికొస్తది." బాబాయి కోలుకుని మళ్లీ పార పట్టాడు గానీ, నేను ఎదురుపడితే అతని కంటే ముందు దగ్గే నన్ను పలకరించేది.

ఈ ఇరవై ఏళ్లలో బడిలో పటం మూడుసార్లు మారింది. చిన్నమ్మా లేదు, బాబాయీ లేడు. రేపు ఆ గొంగడి భుజాన వేసుకుని క్లాసుకు పోతాను. తప్పు చెప్పడానికి నాకు నిమిషం కూడా పట్టలేదు. దాన్ని దిద్దుకోవడానికి ఉద్యోగమంతా పట్టింది.