దుబాసీ నోటి ‘మే’

కరువునాళ్లలో ఆత్మకూరు కచేరీలో జనం మాటలను దొరకు ఇంగ్లీషులో వినిపించే దుబాసీ ఒకాయన ఉండేవాడు. ఎవరు ఏ ఆపద చెప్పుకున్నా అందులో ‘మే’ అనే ఇంగ్లీషు మాట చేర్చేవాడు. దాంతో జరిగి తీరేది కాస్తా జరగవచ్చునన్న అనుమానంగా మారిపోయేది.

ఒకరోజు ఉదయగిరి నుంచి నడిచొచ్చిన ఒక అవ్వ, "గంజి కేంద్రం మూస్తే నా మనవలు సస్తారు సామీ" అంది. దుబాసీ "మే డై" అన్నాడు.

"సస్తారంటుంటే, చావొచ్చంటావేందయ్యా?" అని, అదే కచేరీలో గుమాస్తాగా పక్కనే రాసుకుంటున్న నేను అడ్డుపడ్డాను.

"ఖాయమంటే దొరకు కోపమొస్తాది. నాకు కొలువు నువ్విస్తావా?" అని గొణిగాడు.

దొర కేంద్రం మూసెయ్యమన్నాడు. అర్థంకాక అవ్వ దుబాసీ వైపు ఆశగా చూసింది.

"మళ్లా తెరవొచ్చులే అవ్వా, పో" అన్నాడాయన. దొర ఆ మాటే అనలేదు.

అది జాలి అన్నారు కొందరు. నేను నమ్మను. ఆమె ఏడుపు దొర చెవిన పడకుండా సాగనంపాడంతే. అవ్వ మాత్రం ఆయనకు దండం పెట్టి వెళ్లింది.