తెల్ల గుండీ పెట్టిన డబ్బా

మా పిన్ని నోటితో తిట్టదు, టేపుతో తిడుతుంది. "పోయినసారికంటే రెండంగుళాలు పెరిగారండీ" అందంటే ఆ మనిషి వారం రోజులు మెట్లెక్కి దిగాల్సిందే.

ఆమె కుట్టుమిషను గదికి ఆనుకుని బారెడు బాల్కనీ ఉంది. అక్కడ గింజలు నాటి మొక్కలు మొలిపించడం ఆమెకు పిచ్చి. నారు కొనుక్కోవచ్చు కదా అంటే, రెడీమేడ్ చొక్కా కొనమన్నట్టు చూస్తుంది. పాత ప్లాస్టిక్ డబ్బాల్లో గింజలు వేసి, ఇస్త్రీకి నీళ్లు చల్లే సీసాతోనే తడుపుతుంది. పేర్లు రాస్తే చెరిగిపోతాయని ఒక్కో డబ్బాలో ఒక్కో గుండీ గుచ్చుతుంది. ఆకుపచ్చ గుండీ అయితే వంటకు, కోసుకోవచ్చు. తెల్లదైతే పూలకు, ముట్టుకోకూడదు. ఆమెకు ఏ మొక్క ఎక్కడుందో కంఠతా వచ్చు. గుండీలు మాబోటి తెలివైనవాళ్ల కోసం.

ఈ ఏడాది తెల్ల గుండీ డబ్బాల్లో ఒకటి అమ్మమ్మది. అమ్మమ్మ ఏటా తన కాస్మోస్ పూల గింజలు కవరులో పెట్టి పిన్నికి ఇచ్చేది. ఆమె పోయాక మిగిలింది ఒకే కవరు, అందులో పద్నాలుగు గింజలు. తొమ్మిది మొలిచాయి. అవి పూసి మళ్లీ గింజ కట్టకపోతే ఆ పూలు కూడా అమ్మమ్మతోనే పోయినట్టు. పిన్ని పొద్దున ముఖమైనా కడుక్కోకుండా వాటి దగ్గరికే పరిగెత్తేది. నాకైతే కాస్త కుళ్లుగానే ఉండేది.

బాబాయి బస్సు డిపోలో టైమ్‌కీపరు. ఒకరోజు డ్యూటీకి బయలుదేరుతుంటే ఆయన చొక్కా గుండీ ఊడింది. గుండీల డబ్బా పిన్ని ఒళ్లో ఉంది. అడిగితే పొట్ట కొలత కూడా వినాలి. అందుకని పిల్లిలా బాల్కనీలోకి వెళ్లి, అమ్మమ్మ డబ్బాలోని తెల్ల గుండీ పీకి, కడిగి కుట్టుకుని వెళ్లిపోయాడు. సాయంత్రం మనసొప్పక, గుండీల డబ్బాలో చేతికందినదాన్ని తీసి అక్కడ గుచ్చాడు. అది ఆకుపచ్చది. ఏదైతేనేం అనుకున్నాడట.

రెండు వారాల తర్వాత, సెలవు రోజున, పిన్నికి అర్జెంటు కుట్లు ఉన్నాయని ఆయనే ఆమ్లెట్లు వేశాడు.

"ఇందులో ఏం వేశారు?" అంది పిన్ని.

"సోంపు ఆకు."

"వాసనేదీ?"

"లేతది కదా, ఇంకా పట్టలేదేమో."

"ఏ డబ్బాలోది?"

"పచ్చ గుండీది. నీ రూలు ప్రకారమే."

సోంపు ఆకూ కాస్మోస్ ఆకూ రెండూ దారప్పోగుల్లాగే ఉంటాయి. పిన్ని బాల్కనీలోకి వెళ్లి, తల తెగిన తొమ్మిది మొక్కల్నీ చూసి వచ్చింది. బాబాయి చొక్కాకు అన్నీ నీలం గుండీలు, నడుమ ఒక్కటి తెల్లది. ఊరందరి చొక్కాలు చూసే మనిషి మొగుడి చొక్కా ఆ రోజే చూసింది.

మిషను దగ్గర కూర్చుని, కుడుతూనే ఏడ్చింది. బాబాయిని చూస్తే నాకు ఒళ్లు మండింది.

"మొదలంటా కొయ్యలేదే," అన్నాడాయన గుమ్మంలో నిలబడి. "నువ్వు చెప్పినట్టే కింద రెండు జతల ఆకులు వదిలాను. మళ్లీ చిగురిస్తాయన్నావుగా."

"అది వంటాకుల సంగతి," అంది పిన్ని తల ఎత్తకుండా.

పది రోజులకు కోసిన ప్రతిచోటా రెండేసి చిగుళ్లు వచ్చాయి. ప్రాణంగా చూసుకునే పిన్ని వాటి కొన ఎన్నడూ తుంచి ఎరగదు, అమ్మమ్మ కూడా అంతే. ఏటా ఒంటి కొమ్మతో వంగిపోయే మొక్కలు ఈసారి పొదలై, బాల్కనీ అంతా గులాబీరంగు పూలు పూశాయి. గింజలు మూడు కవర్ల నిండా వచ్చాయి.

పిన్ని బాబాయి చొక్కా అడిగి తీసుకుంది. తెల్ల గుండీ కత్తిరించి, అమ్మమ్మ గింజల కవరు మూతికి కుట్టింది.

"మరి నా చొక్కాకు?" అన్నాడు బాబాయి.

పిన్ని గుండీల డబ్బాలో వెతికి ఆకుపచ్చది తీసింది.

"ఇటు రండి. మీరు వంటకు పనికొస్తారు."