మిగిలిన చరణం

నా చిన్నప్పుడు చావింటి నుంచి కదిలేవాళ్ళెవరూ ‘పోయొస్తా’ అనేవారు కాదు. అంటే చావు మళ్ళీ ఆ గడప తొక్కుతుందని భయం. ఆ సంగతి నాకప్పటికి తెలియదు. మా అమ్మ పోయాక డోన్‌లో మా ఇంట్లో ఆదరణ కూటం పెట్టారు. చర్చి వాళ్ళంతా పాడి, ప్రార్థన చేసి, మాటా పలుకూ లేకుండా లేచి వెళ్ళిపోతున్నారు. అమ్మా చెప్పకుండానే పోయింది. వీళ్ళూ ఇక రారేమోనని గుబులు. కాలు ఒకచోట నిలవక వాకిటికీ వంటింటికీ తిరిగి తిరిగి, చివరికి వాకిట్లోని ఒక జత చెప్పులు తెచ్చి జొన్నల గంపలో పూడ్చిపెట్టాను.

అవి బజారు వీధి శెట్టిగారి కోడలివి. నేను అక్కా అనేదాన్ని. పుట్టింట్లో సంగీతం నేర్చిన మనిషి. వాళ్ళ కొట్లో మా అమ్మ శనక్కాయలు చెరుగుతూ పాడే ఆదరణ పాట వినీ వినీ ఆమెకూ వచ్చేసింది. ఆ రోజు దాన్ని డోలక్కూ తాళాలూ లేకుండా, తన కీర్తనల పద్ధతిలో, ఒక్కో మాట దగ్గర ఆగి ఆగి పాడింది. దేవుని పాటను కచేరీ చేస్తాండాదే అని వెనక ఎవరో గొణిగారు. మా అవ్వ మాత్రం కొంగు నోట్లో కుక్కుకోకుండా మొదటిసారి బయటికి ఏడ్చింది.

అక్క చెప్పుల కోసం వెతికింది. నా ముఖం చూసింది, నా చేతులకంటిన జొన్న పొట్టు చూసింది. వెతకడం మానేసింది.

“ఆఖరి చరణం మిగిలిపోయిండాది పాపా. రేపొచ్చి పాడి, చెప్పులు తీసుకుంటా. పోయొస్తా.”

అవ్వ ఉలిక్కిపడింది. “చావింట్లో ఆ మాట అనగూడదమ్మా.”

“ఈ బిడ్డకు చెప్పే పోవల్ల అవ్వా,” అని, కాలే నాపరాళ్ళ మీద వట్టి కాళ్ళతో ఎగురుకుంటూ పోయింది.

మర్నాడు ఆమె వచ్చేదాకా నేను గంప దగ్గర నుంచి కదల్లేదు. చరణం అయ్యాక చెప్పులు దులిపి నేనే ఇచ్చాను.

మొన్న మనవరాలు సీడీ పెట్టింది. కర్ణాటక సంగీతం నేర్చిన ఎవరో గాయని పియానో, వయొలిన్ల నడుమ అదే పాట పాడింది. మంచి గొంతు. ఆఖరి చరణం అందుకోబోతుంటే కూర్చోలేక వాకిట్లోకి వెళ్ళిపోయాను. నచ్చలేదా అవ్వా అని అడిగింది. నచ్చింది. కానీ ఆ చరణాన్ని మిగతా పాట విన్న రోజే వినడం నాకు ఇప్పటికీ చేతకాదు.

చావింట్లో ‘పోయొస్తా’ అనే ధైర్యం నాకెప్పుడూ రాలేదు. ఏదో ఒకటి వదిలి వస్తాను. నిన్న భర్త పోయిన ఒకామె ఇంట్లో గొడుగు వదిలి వచ్చాను. ఎండ మండిపోతోంది. తెచ్చుకోవడానికి బయలుదేరాలి.