పత్తికట్టె పొగ

మా అత్త దగ్గుతోనే మా ఇల్లు నిద్ర లేస్తుంది. దగ్గు వినబడిందంటే పొయ్యి వెలిగిందని లెక్క.

మాది గద్వాల దిక్కు, గట్టు మండలంలో పల్లె. విత్తనాల కంపెనీలకు సీడు పత్తి వేస్తాం. పత్తి ఏరడం అయిపోయాక కట్టె పీకి దొడ్లో కుప్ప పెడతాం. ఏడాదంతా వంటకు అదే. గ్యాసు పొయ్యి లేక కాదు. అది చాయకి, చుట్టాలకి. జొన్నరొట్టె మాత్రం కట్టెల పొయ్యి మీదే కాలాలి. గ్యాసు మీద చేసిన రొట్టె మామ ముట్టడని నేను కాపురానికి వచ్చిన కొత్తలోనే అత్త చెప్పింది. నన్నేమో పొయ్యి దగ్గరికి రానిచ్చేది కాదు. "నీకు పొగ పడదు, నువ్వు పో" అనేది. తనకేదో పడినట్టు!

ఈ ఎండాకాలం బిందె ఎత్తి నాలుగడుగులు వేస్తే చాలు, ఆమెకు ఆయాసం. గద్వాల దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి, "బీడీ, చుట్ట ఏమన్నా తాగుతావా అమ్మా?" అని అడిగింది.

అత్తకు ఎక్కడలేని కోపం వచ్చింది. "నేనేంది, బీడీ తాగుడేంది! మా ఇంటావంటా లేదు."

నాకు నవ్వాగలేదు. పొయ్యిలో ఏం కాలుస్తారని డాక్టరమ్మ నన్నడిగింది. చెప్పాను. ఊపిరితిత్తులు ఆ పొగకే పాడయ్యాయని, పాడైంది మళ్లీ బాగుపడదని, ఇకనైనా పొగకు దూరంగా ఉండకపోతే ఊపిరాడడం కష్టమవుతుందని చెప్పి, పీల్చే మందు రాసింది. నా నవ్వు ఎటు పోయిందో.

బస్సులో ఒళ్లు మండిపోయింది నాకు. చేలో పురుగుమందు కొట్టేటప్పుడు మగవాళ్లు మూతికి తువ్వాల చుట్టుకుంటారు. అంత మందు పడిన కట్టెను ఈమె మూతికి ఏమీ లేకుండా ఊదుతూ కూర్చుంది, ఇన్నేళ్లూ.

ఆ సాయంత్రం రొట్టెలు నేనే గ్యాసు మీద చేశాను. అత్త గడప దగ్గర భయంభయంగా కూర్చుంది. "మీ మామ కంచం నూకేస్తడు సూడు" అంది. మామ మాట తక్కువ మనిషి. ఒక రొట్టె తిన్నాడు. ఇంకొకటి వెయ్యమన్నాడు.

నేను ఉండబట్టలేక, "గ్యాసు మీద చేసిన మామా" అన్నాను.

"అయితేంది? పొయ్యి మీదనే చెయ్యాలని నేనెప్పుడన్న అన్ననా?"

అత్త ఆయన వైపు చూసింది. ఏదో అనబోతే దగ్గు అడ్డం వచ్చింది. అది తగ్గేదాకా గడప పట్టుకుని కూర్చుని, అప్పుడంది:

"అనలే. ఇంత దగ్గుతుంటే వద్దని గూడ అనలే."