బావ కారుకు పడని నూనె

మొన్న కారును సర్వీసుకిచ్చినప్పుడు, బానెట్ ఎత్తి ఉండటం చూసి ఊరుకోలేక, "స్టీరింగ్ నూనె చూశారా?" అని అడిగాను. మెకానిక్ నా తెల్ల జుట్టు వైపు ఒకసారి, ఇంజన్ వైపు ఒకసారి చూసి, "దీనికి నూనె ఉండదు మేడం, అంతా కరెంటే" అన్నాడు. తెలివి చూపించబోయి భంగపడ్డాను కాబట్టి మెల్లగా బయటికొచ్చి, వాళ్లిచ్చిన చల్లారిన టీ పట్టుకుని కూర్చున్నాను. నిజానికి నాకు బండ్ల గురించి తెలిసింది సున్నా. తెలిసిన ఆ ఒక్క ముక్క కూడా మా బావ వల్ల తెలిసింది. స్టీరింగ్ తేలిగ్గా తిరగడానికి నూనె ఒకటి ఉంటుందని, అందులోనూ ఎర్రది, పచ్చది అని జాతులుంటాయని, మనుషులకు కొన్ని తిండ్లు పడనట్టే బండికి కూడా కొన్ని నూనెలు పడవని.

బావ అంటే మా అక్క భర్త. గోదావరిఖనిలో కంపెనీ క్వార్టర్‌లో ఉండేవాళ్లు. నది అవతల జైపూర్ వైపు ఒక ఊళ్లో నాకు టీచరు ఉద్యోగం వచ్చాక నేనూ వాళ్లింట్లోనే సర్దుకున్నాను. ఆయనది బాయిలో బొగ్గు నింపే పని. అక్కడ గనిని బాయి అనే అంటారు. నేను చేరేనాటికే ఆ పని పోయింది. పక్క గోడ నుంచి బొగ్గుపెళ్ల విరిగి మీద పడితే కుడి భుజం నలిగిపోయింది. చేయి ఉంది గాని బలం లేదు. అన్నం కలుపుకోగలడు, తల దువ్వుకోలేడు. పొద్దున్నే అక్క ఆయన ముందు నిలబడి దువ్వెనతో పాపిడి తీస్తుంటే, బుద్ధిమంతుడిలా కళ్లు మూసుకుని నిలబడేవాడు. కంపెనీ వాళ్లు ఆయన్ని పైన ల్యాంప్ రూంలో వేశారు. షిఫ్టుకు దిగేవాళ్లకు టోపీ దీపాలు అందించడం పని. "దిగెటోళ్లకు దీపాలిస్త, దిగుడు మాత్రం నాకు లేదు" అని అందరితో హాస్యంగా చెప్పేవాడు. అక్కకు ఆ హాస్యం అస్సలు నచ్చేది కాదు.

అలాంటి మనిషి ఒకరోజు ఒక పాత కారు తెచ్చి గుమ్మం ముందు నిలబెట్టాడు. ఎన్ని చేతులు మారిందో దానికే తెలియదు. కంపెనీ వాళ్లు బండితో ఇచ్చే పుస్తకం లేదు, ఒక అద్దం దిగదు, ఆ మోడల్ తయారీ కూడా ఎప్పుడో ఆపేశారట. అక్క నోటికొచ్చినట్టు తిట్టింది. బావ కారులో కూర్చుని, బండి స్టార్ట్ చేసి, ఎడమ చేతి అరచేయి ఒక్కటి స్టీరింగ్ మీద పెట్టి అటు చివరికి, ఇటు చివరికి తిప్పి చూపించాడు. పాలలో చెంచా తిప్పినంత తేలిగ్గా తిరిగింది. అక్క తిట్టడం ఆపేసింది. దెబ్బ తగిలాక ఆయన స్కూటర్ కూడా నడపలేకపోయాడు, ఎక్కడికి పోవాలన్నా ఇంకొకరి వెనక కూర్చోవడమే. ఇప్పుడు మాత్రం సెలవు దొరికిన పొద్దున "టీచరమ్మా, ఎక్కు, నిన్ను కలెక్టరమ్మ లెక్క దింపుత" అని గోదావరి బ్రిడ్జి దాటించి బడి దగ్గర దింపి, పిల్లలంతా చూసేదాకా కావాలని హారన్ కొట్టి పోయేవాడు. ఆ కారులో ఉన్నంతసేపు ఆయన భుజం పోయిన మనిషి కాదు. ఆ స్టీరింగ్ మెత్తదనం పోతే ఆయన మళ్లీ బండి తోలలేడని ఇంట్లో అందరికీ తెలుసు. తెలుసు కాబట్టే ఆ మాట ఎవరమూ అనేవాళ్లం కాదు.

తెలంగాణ కోసం సమ్మె నడుస్తున్న రోజుల్లో స్టీరింగ్ బిగుసుకోవడం మొదలైంది. బాయిలు బందు, బస్సులు బందు, నా బడి బందు. మా క్వార్టర్ల వరసలో మగవాళ్లంతా పనిలేక అరుగుల మీదే ఉన్నారు. ఇంకేం, బానెట్ ఎత్తగానే అందరూ వచ్చి చుట్టూ మూగారు. స్టీరింగ్ నూనె ఉండే డబ్బా అడుగంటిందని తేల్చడానికి ఎంతోసేపు పట్టలేదు. ఏ నూనె పోయాలన్న దగ్గరే పంచాయితీ వచ్చింది. ఒకాయన గేరు నూనె అన్నాడు. ఒకాయన బ్రేక్ నూనె అన్నాడు. ఎదురింటాయన, సైకిల్ కూడా లేని మనిషి, ఇంజన్ నూనె పోస్తే అన్ని రోగాలూ పోతాయని గట్టిగా చెప్పాడు. కొబ్బరి నూనె ఒక్కటే ఎవరూ అనలేదు. డబ్బా మూత మీద ఏదో రాసి ఉండేది గాని, వేడికి ఆ అక్షరాలన్నీ అలుక్కుపోయాయి.

బావ కరీంనగర్‌లో తెలిసిన మెకానిక్‌కు ఫోన్ చేశాడు. "లోపట ఉన్నది ఎర్రదా, పచ్చదా?" అని అడిగాడతను. బావ వేలు ముంచి చూసి, "నల్లగున్నది" అన్నాడు. ఏ రంగుదైనా ముసలిదయ్యాక నల్లబడుతుందట. తనకు తెలిసి ఎర్రదే అయి ఉంటుంది గాని, చూడకుండా చెప్పలేనని, పడనిది పోస్తే లోపలి రబ్బర్లు పోతాయని, బస్సులు నడిచాక తానే వస్తానని, అందాకా బండి తీయకుండా ఆగమని అన్నాడు మెకానిక్. బావ సరేనని మూత పెట్టి, బానెట్ దించేశాడు. ఆగుదామనే నిర్ణయం చేసుకున్నాడు. అది సరైన నిర్ణయం కూడా.

అప్పుడు పెద్దన్న వచ్చాడు. బావకు సొంత అన్న కాదు. బాయిలో ఇద్దరిదీ ఒకే గ్యాంగు. బావ పెద్దన్న అనేవాడు కాబట్టి మేమూ అలాగే పిలిచేవాళ్లం. బాయిలో వాళ్లకొక పద్ధతి ఉంది. పనికి ముందు గ్యాంగులో పెద్దవాడు కర్రతో పైకప్పును తట్టి, చప్పుడు విని, బాగుందంటే మిగతావాళ్లు లోపలికి అడుగు పెడతారు. మళ్లీ తట్టి చూడరు. రెండోసారి తట్టడమంటే ఆ మనిషిని అవమానించడమే. బావ గ్యాంగుకు ఆ కర్ర పట్టింది పెద్దన్న. పెళ్ల మీద పడ్డ రోజు చేతులతో బొగ్గు తోడి బావను బయటికి లాగిందీ ఆయనే. తర్వాత ఆయన ఓపెన్ కాస్టుకు, అంటే నేలను పైనుంచే తవ్వే గనికి మారి డంపర్ తోలాడు. ఇంటి ఎత్తు ఉండే ఆ బొగ్గు బండ్లను చూస్తేనే నాకు భయం వేసేది.

ఎవరో చెప్పగా విని, దుకాణం షట్టరు సగం లేపించి, ఒక డబ్బా చంకన పెట్టుకుని వచ్చాడు. "తమ్మి, ఇగ ఫికర్ జెయ్యకు. మా డంపర్ స్టీరింగ్ గీ నూనెతోనే తిరుగుతది. గంత పెద్ద బండిని దిప్పేది నీ కారును దిప్పదా?"

"కరీంనగరాయన జర ఆగుమన్నడన్నా" అన్నాడు బావ. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు, బడిలో హోంవర్క్ చెయ్యని పిల్లల గొంతులా ఉంది.

"ఆయన ఎన్నడన్న డంపర్ జూసిండా?" అని పెద్దన్న మూత తీశాడు. బావ నా వైపు చూశాడు, అక్క వైపు చూశాడు. వద్దనడానికి ఒక్క మాట చాలు. ఆ మాట ఆయన నోట్లోంచి వచ్చేది కాదని మాకు తెలుసు. నూనె గుడగుడమని పోతుంటే బావ బానెట్ కర్ర పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

కొన్నాళ్లు బాగానే తిరిగింది. పెద్దన్న రోజూ వచ్చి కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి పోయేవాడు. తర్వాత మలుపు తిప్పినప్పుడల్లా ఒక మూలుగు మొదలైంది. పొద్దున లేచేసరికి కారు కింద నూనె మరకలు. బస్సులు నడిచాక కరీంనగర్ మెకానిక్ వచ్చి, కింద దూరి చూసి, లేచి చేతులు తుడుచుకున్నాడు. పంపు పోయింది, రబ్బర్లు పోయాయి, ఈ మోడల్‌కు సామాను ఇక దొరకదన్నాడు. బండి నడుస్తుంది గాని, స్టీరింగ్ ఇక చేతుల బలంతోనే తిప్పాలన్నాడు. ఎర్ర నూనె డబ్బా ఆయన సంచిలోనే ఉంది. ఆయన పోయాక బావ మా ఇద్దరినీ పిలిచి, "పెద్దన్నకు గీ ముచ్చట తెల్వద్దు" అన్నాడు.

చెప్పకపోవడం తేలికే అయ్యేది, పెద్దన్న రిటైరయ్యే రోజు రాకపోయి ఉంటే. రిటైరైన మనిషిని తోటివాళ్లు దండలేసి, డప్పులతో ఇంటిదాకా తీసుకురావడం అక్కడి ఆనవాయితీ. పై ఆఫీసరు జీపు ఇస్తానన్నాడట. పెద్దన్న వద్దని, "నన్ను ఇంటికి తోల్కపోయేది మా తమ్ముని కారే" అన్నాడట. ఇంకెవరితోనైనా నడిపించమని అక్క బావను బతిమాలింది. "డ్రైవర్ సీట్ల నేను లేకుంటే ఎందుకు లేవని అడుగుతడు" అన్నాడు బావ.

కారు పరుగెత్తేటప్పుడు ఆ బరువు అంత తెలియదు. మనిషి నడకతో కదిలేటప్పుడే స్టీరింగ్ బండరాయి అవుతుంది. ముందు డప్పులు, ఆడేవాళ్లు, వాళ్ల వెనక మేము. పెద్దన్న ముందు సీట్లో బంతిపూల దండల్లో సగం మునిగి, మొహం నిండా గులాలుతో కూర్చున్నాడు. వెనక ఆయన భార్య, అక్క, నేను. కాలనీలో ప్రతి వరసకూ ఒక మలుపే. ప్రతి మలుపు దగ్గరా బావ రెండు చేతులూ వేసి, ఒళ్లంతా పక్కకు వాల్చి తిప్పుతున్నాడు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. నవ్వు మాత్రం మొహం మీద అలాగే ఉంది. దిగి తోయలేను, ఆపమనలేను. నాకు ఏడుపొచ్చింది. అక్క నా చేయి పట్టుకుని కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది.

"జూసినవా తమ్మి" అన్నాడు పెద్దన్న డప్పుల చప్పుడులో, "గానాడు పోసిన నూనె ఇప్పటికీ ఎట్ల పనిజేస్తున్నదో."

"ఔనన్నా" అన్నాడు బావ.

ఆ తర్వాత ఆయన కుడి చేత్తో అన్నం కూడా కలుపుకోలేకపోయాడు. కారు మళ్లీ తీయలేదు. అక్క దాని మీద మిరపకాయలు ఎండబెట్టేది. రాష్ట్రం వచ్చిందని ఊరంతా పటాకులు కాలుస్తున్న రోజు పెద్దన్న మిఠాయి పట్టుకొచ్చి, మిరపకాయల పక్కన చేయి వేసి, "బండి ఎందుకు తీస్తలేవే?" అని అడిగాడు. "పెట్రోల్ పిరమైందన్నా" అన్నాడు బావ, ఎడమ చేత్తో మిఠాయి అందుకుంటూ. పెద్దన్న ఆ మాట నమ్మాడు.

పెద్దన్న పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు నిజం చెప్పినా నొచ్చుకునే మనిషి లేడు. అయినా అక్క గాని, నేను గాని బావ ముందు ఆ నూనె మాట ఎత్తం. కాలం మనుషుల్ని తీసుకుపోతుంది గాని, వాళ్ల దగ్గర మనం పడ్డ మొహమాటాన్ని మాత్రం మనకే వదిలేసి పోతుంది.